పెరట్లో షెడ్, దాని పర్మిట్: ఆరేళ్ళు వాడాక నా మాట

డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊరు మాది. 2019 వేసవిలో ఇంటి వెనక 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవుతో చెక్క షెడ్ కట్టించాం. ఈ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళు ఎవరు మా ఇంటికొచ్చినా ఆ షెడ్ చూసి ఒకటే అడుగుతారు: "పర్మిట్ తీసుకున్నారా, అవసరమా అసలు?" పర్మిట్ అంటే కట్టుకోవడానికి సిటీ ఇచ్చే అనుమతి. ఆరేళ్ళు వాడాను కాబట్టి, తీసుకోవడానికి పడ్డ పాట్లూ, తీసుకున్నందువల్ల ఒరిగినదీ రెండూ చెప్పగలను.

ముందు ఆ మాట ఎక్కడ మొదలైందో చెబుతాను. షెడ్లు అమ్మే అతను, మీది 200 చదరపు అడుగుల లోపే కాబట్టి పర్మిట్ అక్కర్లేదు అన్నాడు. పన్నెండు పదహారులు 192. లెక్క సరిపోయింది కదా అని అడ్వాన్సు 500 డాలర్లు ఇచ్చేశాను. రాత్రి నిద్రపట్టక సిటీ వెబ్‌సైట్ చూస్తే, మా ఊళ్ళో హద్దు 120 చదరపు అడుగులు. అతను కల్పించి చెప్పలేదు. ఇళ్ళు కట్టే నియమాలకి ఇక్కడ చాలా ఊళ్ళు ఆధారంగా పెట్టుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో ఒకే అంతస్తు ఉన్న సామాన్ల షెడ్‌కి 200 దాకా మినహాయింపు ఉంది. కానీ ప్రతి ఊరూ ఆ కోడ్‌ని తనకి తగ్గట్టు సవరించుకుంటుంది. పక్క ఊరివాళ్ళు చెప్పింది మన ఊళ్ళో చెల్లదు. న్యూజెర్సీలో ఉండే మా బావమరిదికైతే, 200 చదరపు అడుగులు, 10 అడుగుల ఎత్తు దాటకపోతే కన్‌స్ట్రక్షన్ పర్మిట్ అక్కర్లేదు, కానీ స్థలంలో ఎక్కడ ఏం కట్టొచ్చో చూసి ఇచ్చే జోనింగ్ పర్మిట్ మాత్రం తీసుకోవాల్సి వచ్చింది.

ఇంకొక సంగతి. పర్మిట్ అక్కర్లేదంటే ఎక్కడైనా కట్టుకోవచ్చని కాదు. ఫెన్సుకి ఎంత దూరం ఉండాలి, ఎంత ఎత్తు మించకూడదు అన్న నియమాలు చిన్న షెడ్‌కి కూడా వర్తిస్తాయి. మినహాయింపు ఉన్నంత మాత్రాన మిగతా నియమాలు తప్పడానికి అనుమతి ఇచ్చినట్టు కాదని ఆ కోడ్‌లోనే రాసి ఉంది. కరెంటు లాగితే ఎంత చిన్న షెడ్ అయినా మా ఊళ్ళో ఎలక్ట్రికల్ పర్మిట్ ఉండాల్సిందే.

అప్లికేషన్‌కి అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఇంటి సర్వే. ఇల్లు కొన్నరోజు సంతకాలు పెట్టిన కట్టలో అడుగున ఎక్కడో ఉంటుంది, అందులో మన స్థలం కొలతలతో గీసి ఉంటుంది. అప్పటిదాకా నేను దాన్ని ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. డైనింగ్ టేబుల్ మీద పరిచి చూస్తే, వెనక ఫెన్సు నుంచి 10 అడుగుల లోపలికి ఒక చుక్కల గీత. యుటిలిటీ ఈజ్‌మెంట్. స్థలం మనదే, పన్ను కట్టేదీ మనమే, గడ్డి కోసేదీ మనమే. కానీ ఆ పది అడుగుల్లో కరెంటు, గ్యాస్, కేబుల్ వాళ్ళకి తవ్వుకునే హక్కు ఉంటుంది. అక్కడ షెడ్ లాంటిది కట్టకూడదు. నేను షెడ్ పెడదామనుకున్నది సరిగ్గా ఆ మూలలోనే! దాన్ని ముందుకి జరిపితే మా ఆవిడ గోంగూర, బచ్చలి వేసుకునే మడి సగం పోయింది. ఆమె రెండు రోజులు బాధపడింది. నాకూ బాధగానే ఉంది, కానీ ఆ గీత చూశాక అక్కడ కట్టే ధైర్యం రాలేదు.

హెచ్‌ఓఏ, అంటే మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, దాని అనుమతి వేరే. సిటీ ఒప్పుకుంటే హెచ్‌ఓఏ ఒప్పుకున్నట్టు కాదు, హెచ్‌ఓఏ ఒప్పుకుంటే సిటీ ఒప్పుకున్నట్టు కాదు. రంగు ఇంటికి కలవలేదని మా దరఖాస్తు ఒకసారి వెనక్కి వచ్చింది, పైకప్పు మీద పరిచే పలకలు (షింగిల్స్) కూడా ఇంటివాటిలాగే ఉండాలన్నారు. మార్చి పంపితే మూడు వారాలకి ఉత్తరం వచ్చింది.

సిటీకి ఆన్‌లైన్‌లోనే పంపాను. సర్వే మీద షెడ్ ఎక్కడొస్తుందో గీసి, అన్ని వైపులా దూరాలు వేసి, షెడ్ కంపెనీ ఇచ్చిన డ్రాయింగ్ జోడించాను. పది రోజులకి వ్యాఖ్యలతో తిరిగొచ్చింది: ఈజ్‌మెంట్ నుంచి దూరం అంకెల్లో చూపించలేదు, షెడ్‌ని నేలకి ఎలా బిగిస్తారో చెప్పలేదు, కరెంటు లైను ఎటునుంచి వస్తుందో గీయలేదు. అప్పుడు చిరాకేసింది. ఇప్పుడు ఆ మూడూ చూస్తే, ఒక్కటి కూడా అనవసరపు ప్రశ్న కాదు. రెండోసారి పంపితే వారంలో పర్మిట్ వచ్చింది. అన్నీ కలిపి ఫీజు 180 డాలర్ల దాకా అయింది. పర్మిట్ వచ్చాక 180 రోజుల్లో పని మొదలుపెట్టకపోతే అది చెల్లకుండా పోతుంది. ఆ తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి, భూమిలో తీగలు, పైపులు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే నంబరు అది. డబ్బు తీసుకోరు. రెండు రోజులకి మనుషులొచ్చి గడ్డి మీద రంగులు కొట్టి, చిన్న జెండాలు గుచ్చి వెళ్ళారు. ఎరుపు కరెంటుకి, పసుపు గ్యాస్‌కి, నారింజ ఫోను, కేబుల్ తీగలకి. పసుపు గీత చూసినప్పుడు నా కాళ్ళు నిజంగా వణికాయి. నేను మొదట షెడ్ పెడదామనుకున్న మూలకి రెండడుగుల దూరంలో గ్యాస్ పైపు ఉంది. షెడ్ నాలుగు మూలలా భూమిలోకి మెలితిప్పి దింపే ఇనుప యాంకర్లు ఉంటాయి, ఒక్కొక్కటి 30 అంగుళాల పొడవు. అంతకన్నా చెప్పక్కర్లేదు. ఒక్క మాట, 811 వాళ్ళు గుర్తు పెట్టేది ఆయా కంపెనీల లైన్లే. మన స్ప్రింక్లర్ గొట్టాలు మన సొంతం కాబట్టి గుర్తుపెట్టరు. మాది ఒకటి పారకి తెగి పెరడంతా బురద అయింది. ముందే స్ప్రింక్లర్లు వేసి చూసి, గొట్టాలు ఎటు పోతున్నాయో అంచనా వేసుకుంటే సరిపోయేది.

ఇక ఇన్‌స్పెక్షన్లు. షెడ్ లోపల చిన్న సబ్‌ప్యానెల్ (ఇంటి మెయిన్ బోర్డు నుంచి కరెంటు తీసుకునే చిన్న బోర్డు) పెట్టించాను కాబట్టి ఇంటి నుంచి షెడ్ దాకా కందకం తవ్వి పీవీసీ గొట్టంలో తీగలు వేయాలి. ఆ గొట్టం పైన కనీసం 18 అంగుళాల మట్టి ఉండాలి. కందకం లోతు 18 ఉంటే చాలదు, గొట్టం పైభాగం నుంచి నేల దాకా 18 ఉండాలి. ఈ తేడా ఎలక్ట్రీషియన్ పట్టించుకోలేదు, పైగా ఇన్‌స్పెక్టర్ రాకముందే సగం దూరం పూడ్చేశాడు. ఇన్‌స్పెక్టర్ పెద్దాయన, అరవై దాటి ఉంటాయి. తెరిచి ఉన్న చోట మోకాలి మీద కూర్చుని టేపు దింపాడు. 15 అంగుళాలు. ఏమీ అనలేదు, ఇంకో రెండు చోట్ల కొలిచాడు. 15, 14న్నర. లేచి, మొత్తం తెరవండి, మళ్ళీ వస్తాను అని ఎర్ర కాగితం రాసిచ్చాడు. జూన్ ఎండలో ఎండిపోయిన బంకమట్టిని మళ్ళీ తవ్వాం. నేనూ పార పట్టుకున్నాను. రెండోసారి వచ్చి కొలిచి, 18న్నర ఉందని చూసి, ఇంకో పదేళ్ళకి మీ పిల్లలు ఇక్కడ చెట్టు నాటడానికి తవ్వినప్పుడు ఈ తీగ పారకి తగలకూడదు కదా అన్నాడు. మొదటిసారే ఆ మాట చెప్పి ఉంటే నాకంత కోపం వచ్చేది కాదు.

మట్టి గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. మా నాన్న ప్రత్తిపాడు దగ్గర పత్తి వేసిన రైతు. ఆ వేసవి ఇక్కడే ఉన్నారు. కందకంలోంచి ఒక గడ్డ తీసి చేతిలో నలిపి, "ఒరేయ్, ఇది మన నల్లరేగడే కదరా! వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిస్తది. దీని మీద తేలిగ్గా ఏదీ నిలబెట్టకు" అన్నారు. నిజమే, డాలస్ చుట్టూ ఉన్న ఈ నల్ల నేలల్లో ఒకప్పుడు పండించింది పత్తే. ఆయన మాట విని, డ్రాయింగ్‌లో 4 అంగుళాలు ఉన్న కంకర పరుపుని 6 అంగుళాలు చేయించాను, షెడ్ అంచులకన్నా అడుగు బయటిదాకా పోయించాను. ఆరేళ్ళలో నేను పెట్టిన ఖర్చులో ఇంతకన్నా విలువైనది లేదు. అయినా ప్రతి ఆగస్టులో నేల కుంగి తలుపు కుడివైపు పైమూల చట్రానికి రాసుకుంటుంది. కీలు మరలు వదులు చేసి, చిన్న చెక్క ముక్క దూర్చి బిగిస్తాను. అక్టోబర్ వానలకి మళ్ళీ తీసేస్తాను. ఈ నేలలో షెడ్ పెట్టుకునేవాళ్ళు దీనికి సిద్ధపడే ఉండాలి.

వాడకం సంగతి. గడ్డి కోసే మిషను, పిల్లల సైకిళ్ళు, బొమ్మల కొలువు మెట్లు, వనభోజనాలకి వాడే పెద్ద గుండిగలు, వినాయక చవితి పాలవెల్లి, అన్నీ అందులోనే. గరాజ్‌లో మళ్ళీ రెండు కార్లు పడుతున్నాయి. గాలివానలు ఎన్నో చూసింది. ఫెన్సు రెండుసార్లు పడిపోయింది, షెడ్ కదల్లేదు. దరఖాస్తు వెనక్కి పంపి మరీ సిటీవాళ్ళు రాయించిన ఆ యాంకర్ల వల్లే అని నా నమ్మకం. లోపం కూడా చెప్పాలి. గోడలకి ఇన్సులేషన్ (చలి, వేడి ఆపే పొర) పెట్టించలేదు. చలికాలం కరివేపాకు కుండీలు లోపల పెట్టి చిన్న హీటర్ వేసేవాళ్ళం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టినప్పుడు డాలస్‌లో సున్నాకి 19 సెల్సియస్ డిగ్రీల కిందకి పోయింది. మా వీధిలో కరెంటు పోయింది. చిన్న కుండీలు రెండూ ఇంట్లోకి మోసుకొచ్చాం. ఎనిమిదేళ్ళుగా పెంచిన పెద్ద చెట్టు కుండీ ఇద్దరం కలిసి లేపినా లేవలేదు. అది పోయింది. మా ఆవిడ మార్చి దాకా దాని కొమ్మలు గీరి పచ్చదనం ఉందేమో అని చూస్తూనే ఉంది. డబ్బు సరిపోక ఇన్సులేషన్ మానేశాను కానీ, మళ్ళీ కట్టాల్సి వస్తే షెడ్ రెండడుగులు తగ్గించైనా అది పెట్టిస్తాను.

పోయినేడాది మా వెనక వీధిలో ఒకాయనకి జరిగింది కూడా రాయాలి. ఆయన షెడ్ మాకన్నా అందంగా ఉండేది, ముందు చిన్న వరండా కూడా. పర్మిట్ తీసుకోలేదు, ఈజ్‌మెంట్ మీదే ఉంది. భూమిలో లైను బాగుచేయడానికి మనుషులొచ్చారు. నోటీసు ఇచ్చి, గడువు పెట్టి, తీయమన్నారు. ఖర్చంతా ఆయనదే. క్రేన్‌తో లేపుతుంటే నేల చట్రం మధ్యలో విరిగింది. ఆ రోజు నేను మా ఫెన్సు ఇవతల నిలబడి చూశాను. ఆయన పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. ఆయనకి పర్మిట్ అక్కర్లేదని ఎవరు చెప్పారో నేను అడగలేదు. నాకు చెప్పినట్టే ఎవరో చెప్పి ఉంటారు.

అయిదుకి ఎన్ని మార్కులు అంటే, షెడ్‌కి నాలుగు, ఒకటి ఇన్సులేషన్ లేనందుకు తగ్గించాను. పర్మిట్ పద్ధతికి కూడా నాలుగే. కావలసినవన్నీ మొదటే ఒక కాగితం మీద ఇచ్చి ఉంటే ఆ పది రోజులు మిగిలేవి.

ఇప్పుడు మా ఆవిడ గుండిగలు కడగడానికి షెడ్‌లో సింక్ కావాలంటోంది. నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం, రెండిటికీ ప్లంబింగ్ పర్మిట్ ఉండాలి. సర్వే కాగితం మళ్ళీ టేబుల్ మీదకి వచ్చింది. ఈసారి స్ప్రింక్లర్ గొట్టాలు కూడా దాని మీద పెన్సిల్‌తో గీశాను.