నల్లుల మీద ఆవిరి యంత్రం: రెండేళ్లు వాడాక

నల్లుల మందు వాసన పడక ఆవిరి యంత్రం కొన్నాను. రెండేళ్లయింది. పనిచేస్తుంది. కాకపోతే మొదటి నెల నేనే దాన్ని పనిచేయనివ్వలేదు.

ఇల్లు ఊడ్చినట్టు పరుపు మీద చకచకా తిప్పేశాను. పైగా సన్న మూతి తగిలించాను. ఆ జోరుకు నల్లులు చావకుండా ఎగిరి గోడవార పడ్డాయి. వెడల్పు మూతికి పాత తువ్వాలు చుట్టి, జోరు తగ్గించి, జానెడు మేరకు 20 సెకన్లు పట్టేంత నిదానంగా జరిపాకే ఫలితం కనబడింది. 55 డిగ్రీల వేడి తగిలితే నల్లీ గుడ్డూ రెండూ బతకవు. ఆవిరి అంతకంటే చాలా వేడి, కానీ లోతుకు దిగదు. అందుకే పరుపు కుట్లు, అంచు పట్టీలు, పట్టెలు కోళ్లలోకి దూరే బెజ్జాల దగ్గర ఆగి ఆగి పట్టాలి. నడుం పట్టేస్తుంది, అది వేరే సంగతి.

ఒక్కసారితో తీరే పని కాదు. దాక్కున్న గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. వారానికోసారి చొప్పున రెండు నెలలు పట్టాను. దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికి, డ్రయ్యర్‌లో ఎక్కువ వేడి మీద అరగంట తిప్పాను.

అంతకుముందు పరుపు ఎండలో వేసేవాణ్ణి. నల్లులు హాయిగా నీడవైపుకు పాకేవి. వేపాకులూ పరిచాను, ఆకుల మధ్యే ఒకటి కులాసాగా దొరికింది.

తగ్గాయో లేదో తెలిసింది మాత్రం మంచం కోళ్ల కింద పెట్టిన ప్లాస్టిక్ గిన్నెల వల్లే. గిన్నె లోపలి గోడ నున్నగా ఉంటే నల్లి ఎక్కలేదు. మంచం గోడకు తగలకూడదు, దుప్పటి నేలకు వేలాడకూడదు. మొదటి వారం 11 పడ్డాయి. మూడో నెలలో ఒక్కటీ లేదు.

యంత్రం మీద ఫిర్యాదులూ ఉన్నాయి. నీళ్ల తొట్టి చిన్నది, ఒక్క పరుపుకే రెండుసార్లు నింపాలి. మంచం వార్నిష్ ఒకచోట తెల్లబారింది. పరుపు తడుస్తుంది కాబట్టి ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే బూజు. కరెంటు ప్లగ్గుల దగ్గర అసలు వాడకూడదు. అక్కడ దూరినవాటికి ఇది పనికిరాదు.

నిరుడు ప్రయాణం నుంచి వచ్చాక గిన్నెలో మళ్లీ ఒకటి కనబడింది. సూట్‌కేసు కుట్లలో ఇంకో రెండు. ఇప్పుడు పెట్టె గుమ్మం దగ్గరే ఆవిరి పట్టించుకుని లోపలికొస్తుంది.