నానోతీగల పనికి మూడు మండలాల ట్యూబ్ ఫర్నేస్: వాడి చూశాక

క్వార్ట్జ్ గొట్టాన్ని చుట్టూ వేడిచేసి, లోపల వాయువులు పారించే కొలిమి ఇది. ఈ ఫర్నేస్ కరపత్రం మీద 1200 డిగ్రీలని పెద్ద అక్షరాలతో వేశారు. సిలేన్ (సిలికాన్, హైడ్రోజన్ కలిసిన వాయువు)తో సిలికాన్ నానోతీగలు, అంటే వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని తీగలు, పెంచే మాకు ఆ అంకెతో పనే పడలేదు. పలక మీది బంగారు బిందువు సిలేన్ నుంచి సిలికాన్‌ను పీల్చుకుంటే, దాని కింద తీగ పెరుగుతుంది. బంగారం, సిలికాన్ కలిసిన ఆ మిశ్రమం 363 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది. మేము పెంచేది 450, 500 మధ్య. 1964లో బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ ఈ పద్ధతిని వివరించినప్పుడు సిలికాన్ టెట్రాక్లోరైడ్ వాడారు కాబట్టి వాళ్లకు 950 డిగ్రీల వేడి కావలసి వచ్చింది. పైగా క్వార్ట్జ్ గొట్టాన్ని 1200 దగ్గర చాలాసేపు ఉంచితే అదే కుంగిపోతుంది.

మాకు కావలసింది, అడిగిన ఉష్ణోగ్రత దగ్గర కదలకుండా నిలబడడం. అందులో దీనికి సగం మార్కులే. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున పెంచితే బుద్ధిగా ఎక్కుతుంది. వేగం రెట్టింపు చేస్తే మాత్రం అడిగిన ఉష్ణోగ్రత దాటి పైకి పోయి, తీరిగ్గా దిగుతుంది. ఇటుకలు కాల్చేవారికి ఇదొక లెక్కా! మాకు రెండు విధాలా నష్టం. దిగేలోపే సిలేన్ వదిలితే, అది బంగారు బిందువుతో పని లేకుండా తీగ పక్కగోడల మీదే విచ్ఛిన్నమై పేరుకుంటుంది. తీగ మొదట్లో లావుగా, కొసన సన్నగా తయారవుతుంది. దిగేదాకా ఆగితే బంగారు బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి. బిందువు ఎంతో తీగ మందమూ అంతే కదా.

తెర మీద కనిపించే ఉష్ణోగ్రతను కూడా పూర్తిగా నమ్మకండి. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ గొట్టం బయట ఉంది. ఆర్గాన్ పారుతుండగా మరో థర్మోకపుల్‌ను లోపలికి దూర్చి రెండేసి సెంటీమీటర్లకు కొలిస్తే, మధ్యలో తెర చెప్పినదానికన్నా తక్కువే వచ్చింది. ఆ పట్టిక గీసుకున్నాకే మా నమూనాలు ఒక తీరుకు వచ్చాయి.

ఇక మెచ్చుకోవలసింది మూడు మండలాలను, అంటే గొట్టం పొడవునా ఉన్న మూడు వేడి భాగాలను, వేరువేరుగా నడపగలగడం. జింక్ ఆక్సైడ్ తీగలకు ఇది వరమే. జింక్ ఆక్సైడ్, గ్రాఫైట్ పొడుల మిశ్రమాన్ని మధ్యలో 900 పైన ఉంచి, బంగారం పూసిన పలకను వాయువు పోయే దిక్కున కాస్త చల్లటి చోట పెడితే చాలు. కార్బన్ జింక్‌ను ఆవిరిగా విడిపిస్తుంది, వాయువులో కొద్దిగా కలిపిన ఆక్సిజన్ పలక దగ్గర దాన్ని మళ్లీ ఆక్సైడ్ చేస్తుంది. పై మూత రెండుగా తెరుచుకోవడమూ బాగుంది. మూత తీసి చల్లార్చి, పెరుగుదలను కోరినప్పుడు ఆపవచ్చు.

వాయువు ఎంత పారాలో చూసే నియంత్రకాలను నైట్రోజన్‌కు సరిచూసి పంపారు. సిలేన్‌కు ఆ అంకెలు అలాగే చెల్లవు, సవరణ గుణకం వేసుకోవాలి. దాన్ని క్షమించవచ్చు. గాలి తగిలితే తనంతట తానే అంటుకునే వాయువు సిలేన్. లీకు కనిపెట్టి సరఫరాను ఆపే ఏర్పాటు ఫర్నేస్‌తో రాలేదు సరే, మాన్యువల్లో దాని గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం క్షమించరానిది. అది విడిగా కొని బిగించేదాకా సిలేన్ సిలిండర్‌ను ఈ ఫర్నేస్‌కు తగిలించవద్దు.

గొట్టం మాత్రం ఆర్డరులోనే రెండోది అడగండి. జింక్ పనికి వాడిన గొట్టంలో సిలికాన్ పెంచకూడదు.