బ్యాటరీ బండితో మూడున్నరేళ్ళు, 41 వేల కిలోమీటర్లు

నాది నల్లగొండలో మోటర్ల వైండింగ్ షాపు. బోరు మోటరు కాలిందంటే రైతు ముందు నాకే ఫోన్ చేస్తాడు. సగం పని షాపులో, సగం పని ఊళ్ళల్లో. పానగల్లు, కనగల్లు, తిప్పర్తి, అప్పుడప్పుడు మాడుగులపల్లి. పని ఉన్న రోజు నలభై, నలభై అయిదు కిలోమీటర్లు తిరగక తప్పదు. పానాల సంచి, మెగ్గర్ (వైండింగ్ ఇన్సులేషన్ చూసే మీటరు), కేబులు చుట్ట ఎప్పుడూ బండి మీదే ఉంటాయి. బ్యాటరీ స్కూటర్ సరదాకు కొన్నవాడి మాట కాదు కాబట్టి ఇది చదివితే మీకు కొంచెం పనికొస్తుందని రాస్తున్నా.

2022 మార్చి 22 నాకు బాగా గుర్తు. అంతకు ముందు నాలుగున్నర నెలలు పెట్రోలు ధర కదల్లేదు. ఆ రోజు నుంచి పొద్దున లేస్తే తొంభై పైసలు, మళ్ళీ తొంభై పైసలు. పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచారు. అంతా కలిపితే పదకొండు రూపాయల పైనే. ఏప్రిల్ మొదటి వారానికి హైదరాబాద్‌లో లీటరు 119 రూపాయల 49 పైసలు అయింది, మా దగ్గరా అటూ ఇటుగా అంతే. నా పాత వంద సీసీ బండి లీటరుకు 55 ఇచ్చేది. వందకు కొట్టిస్తే 46 కిలోమీటర్లు, అంటే ఒక్క రోజు. రోజూ పొద్దున బంకు ముందు నిలబడి వంద నోటు ఇవ్వడం, సాయంత్రానికి మళ్ళీ ముల్లు కింద పడడం. రైతు దగ్గర పెట్రోలు డబ్బులు వేరే అడగలేం. "మొన్న మూడు వందలకే చేశావు కదా అన్నా" అంటారు.

మే నెల మధ్యలో బ్యాటరీ స్కూటర్ బుక్ చేశా. వారం తిరక్కుండానే, మే 22 నుంచి కేంద్రం ఎక్సైజ్ సుంకం లీటరుకు 8 రూపాయలు తగ్గించింది. పెట్రోలు 109 రూపాయల 66 పైసలకు దిగింది. పక్కన హార్డ్‌వేర్ షాపు అన్న రెండు రోజులు నవ్వాడు. "తమ్మీ, నువ్వు బుక్ చేశావని తెలిసే తగ్గించిన్రు" అని. అడ్వాన్స్ వాపసు అడుగుదామా అని నాకూ అనిపించిన మాట నిజం. అడగలేదు. తర్వాత 2024 మార్చిలో ఇంకో రెండు రూపాయలు తగ్గింది. అంతే, 2025 చివరి దాకా 107 పైనే ఉంది.

బండి పేరు రాయను. పేరు రాస్తే చర్చ అంతా ఆ కంపెనీ మీదికే పోతుంది. మూడు యూనిట్ల బ్యాటరీ, అంటే నిండా చార్జ్ చేస్తే మూడు యూనిట్ల కరెంటు పట్టే రకం. 2022 జూన్‌లో రోడ్డు మీదికి తేవడానికి లక్షా ఇరవై ఎనిమిది వేలు అయింది. సరిగ్గా ఏడాది తర్వాత, 2023 జూన్ 1 నుంచి కేంద్రం సబ్సిడీని యూనిట్ బ్యాటరీకి 15 వేల నుంచి 10 వేలకు కోసి, పరిమితిని కూడా బండి ధరలో 40 శాతం నుంచి 15 శాతానికి దించింది. అదే బండి ఇరవై వేల పైన పెరిగింది. అప్పుడు నేను నవ్వాను. 2024 నవంబర్ 18 నుంచి మన రాష్ట్రంలో బ్యాటరీ బండ్లకు రోడ్ టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా తీసేశారు, 2026 డిసెంబర్ 31 దాకా. కొనాలనుకునేవాళ్ళు ఆ తేదీ గుర్తు పెట్టుకోండి.

మొదటి రాత్రే పరువు పోయింది. ఇంటికి తెచ్చి చార్జర్ పెడితే ఎర్ర లైటు. షోరూం అబ్బాయికి ఫోన్ చేస్తే "మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు సార్" అన్నాడు. నాకు కోపమొచ్చింది, టెస్టు లాంపు పెట్టి చూశా. నిజంగానే లేదు. ఊరందరి స్టార్టర్ డబ్బాలకు ఎర్తింగ్ వేసేవాడి ఇంట్లో మూడో పిన్ను ఊరికే వేలాడుతోంది. తెల్లారి పెరట్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పైపు దింపి, రెండు బకెట్లు నీళ్ళు పోశాక పచ్చ లైటు వెలిగింది. పాత ఇళ్ళలో ఉండేవాళ్ళు బండి చూడడానికి పోయేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇది చూపించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద మాత్రం పెట్టకండి. 16 ఆంపియర్ల ప్లగ్గు, నేరుగా బోర్డు నుంచి వైరు. చార్జింగ్ నాలుగైదు గంటలు ఒకే లోడు లాగుతుంది. వదులు ప్లగ్గు ఎలా కరిగిపోతుందో నేను రోజూ చూసే పనే.

మా అమ్మకు వేరే భయం. 2022 ఏప్రిల్‌లోనే నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. టీవీలో చూసింది. అందుకే నా బండి ఇప్పటికీ ఇంటి లోపలికి రాలేదు, రేకుల షెడ్డు కిందే దాని స్థానం. అమ్మ భయాన్ని తీసిపారేయను. ఎండలో తిరిగొచ్చిన బండికి వెంటనే చార్జర్ పెట్టను, గంట ఆరనిస్తా. మా నల్లగొండ ఎండ సంగతి తెలుసు కదా. మేలో మధ్యాహ్నం సీటు ఎత్తి చూస్తే లోపలి నుంచి పొయ్యి మీద మూత తీసినట్టు వేడి కొడుతుంది.

ఇక మైలేజీ. కంపెనీ చెప్పింది ఒక్క చార్జికి నూట పదహారు కిలోమీటర్లు. నేను చూసింది కొత్తలో తొంభై, అదీ నలభై స్పీడులో. ఊళ్ళ మధ్య రోడ్ల మీద అది నిజంగానే వస్తుంది. నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డెక్కి డెబ్బైలో పోతే ఎదురుగాలికి బ్యాటరీ శాతాలు కళ్ళముందే రాలిపోతాయి, అరవై అయిదు కిలోమీటర్లు వస్తే గొప్ప. మోటరు పని చేసేవాడిగా నాకిది వింతేం కాదు. లోడు పెరిగితే ఆంపియర్లు పెరుగుతాయి. కానీ పెట్రోలు బండి అలవాటున్న మనిషికి మొదట్లో మోసపోయినట్టే ఉంటుంది.

ఒకసారి మోసపోయాను కూడా. 2023 మే నెల, కనగల్లు అవతల ఒక బత్తాయి తోటలో మోటరు దింపి, పొద్దుపోయాక బయల్దేరితే నాలుగు శాతం చూపించింది. పొద్దున తొందరలో చార్జర్ స్విచ్ వెయ్యడం మరిచిపోయా. తప్పు నాదే. నాలుగు శాతంలో బండి నడక వేగానికి దిగిపోతుంది. తోట రైతు ఇంటికే వెనక్కి తోసుకుంటూ పోయా. "పెట్టుకో, దానికేముంది" అన్నాడు. ప్లగ్గు పెట్టగానే మూలనున్న కూలర్ తెచ్చి నా ముందు పెట్టాడు, తిరగట్లేదని. గంటన్నర చార్జింగ్‌కు కూలర్ కండెన్సర్ మార్పించుకున్నాడు. లెక్క సరిపోయింది.

ఖర్చు లెక్క చెప్పాలంటే మీటరు కథ చెప్పాలి, అసలు విషయం అక్కడే ఉంది. నెలకు సగటున వెయ్యి కిలోమీటర్లకు కాస్త తక్కువ. పాత బండికైతే నెలకు పద్దెనిమిది లీటర్లు, పందొమ్మిది వందలు. స్కూటర్ నెలకు లాగేది నలభై యూనిట్లు, మీటరు దగ్గర లెక్కగట్టి చెబుతున్నా. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు మాకు జీరో బిల్లు. చలికాలంలో ఇంటి వాడకం 140. స్కూటర్ కలిపితే 180. అంటే ఆ నెలల్లో నా బండి తిరుగుడు ఖర్చు సున్నా! మా బావమరిది "సర్కారు పెట్రోలు పోయిస్తోంది బావా నీకు" అంటాడు. నిజమే, కాదనను.

వేసవిలో కూలర్ తిరుగుతుంది, ఇల్లే 175 దాటుతుంది. 2024 మేలో నేను పట్టించుకోలేదు, 212 వచ్చింది. 200 దాటితే ఆ పన్నెండు యూనిట్లకు కాదు బిల్లు, మొత్తానికి. పన్నెండు వందల దగ్గర కట్టాం. అప్పటి నుంచి మా ఆవిడ గోడ క్యాలెండర్ మీద నాలుగు రోజులకోసారి మీటరు అంకె రాస్తుంది. నూట యాభై దాటిందంటే "రేపటి నుంచి నీ బండి షాపులో పెట్టుకో" అని ఆర్డర్. రీడింగ్ తీసే అబ్బాయి ఒక్క రోజు ఆలస్యమైతే ఆమెకు టెన్షన్. షాపులో కమర్షియల్ మీటరు, యూనిట్ పది రూపాయల దగ్గర పడుతుంది, అయినా నెలకు నాలుగు వందలు. మొత్తం మూడున్నరేళ్ళలో కరెంటుకు తొమ్మిది వేలు దాటలేదు. అదే దూరానికి పెట్రోలు ఎనభై వేలు అయ్యేది.

ఈ ఎనభై వేలు మాట వినగానే షోరూంకు పరుగెత్తకండి. వెనక టైరు రెండుసార్లు మార్చా, చక్రంలోనే ఉండే హబ్ మోటరు బరువుకు అది తొందరగా అరుగుతుంది. బ్రేక్ ప్యాడ్లు, ఒక బేరింగ్. వీటికంటే పెద్ద దెబ్బ రెండో ఏడాది తగిలింది. రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని వచ్చింది, పొద్దున బండి లేవలేదు. స్క్రీన్ వెలుగుతుంది, చక్రం కదలదు. అప్పటికి ఆ కంపెనీ సర్వీసు మా ఊళ్ళో లేదు, హైదరాబాద్ పంపాల్సిందే. పదకొండు రోజులు. రోజూ ఫోన్ చేస్తే "టికెట్ రైజ్ అయింది సార్" అన్నది ఒక్కటే మాట. నా దగ్గరికి కాలిన మోటరు వస్తే మూడో రోజు తిప్పి ఇస్తా, పొలం ఎండిపోతుంది కాబట్టి. ఆ పదకొండు రోజులు పాత బండే దిక్కు. దాన్ని అమ్మకపోవడం నేను చేసిన మంచి పని. దేవరకొండకు, హైదరాబాద్‌కు ఇప్పటికీ దాని మీదే పోతా. ఈమధ్య అది కూడా 55 ఇవ్వట్లేదు, 51 దగ్గర ఆగుతోంది. బండి పాతదైంది అదొకటి, పెట్రోల్లో ఇథనాల్ 20 శాతానికి పెంచారు అదొకటి. ఒకే లీటరులో పెట్రోలుకున్న బలంలో ఇథనాల్‌కు ఉండేది మూడింట రెండొంతులే.

వానలో ఇబ్బంది రాలేదు. పానగల్లు దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలోంచి కూడా దాటించా. చప్పుడు లేకపోవడం హాయే గానీ, ఊళ్ళో కోళ్ళు, ముసలివాళ్ళు తప్పుకోరు. హారన్ మూడింతలు కొడుతున్నా.

బావమరిది సంగతి చెప్పా కదా, మక్తల్‌లో ట్రాలీ నడుపుతాడు. వాళ్ళది ఇంకో దారి. కృష్ణా నది దాటితే కర్ణాటక, రాయచూర్ వైపు బంకుల్లో పెట్రోలు మూడు నాలుగు రూపాయలు తక్కువ, డీజిల్ ఇంకా తక్కువ. అటు లోడు దొరికిన రోజు ట్యాంకు నింపుకొని వస్తాడు, ఉత్తినే మాత్రం పోడు. మా వైపు తిరగేసి ఉంటుంది. ఆంధ్రలో ధర మనకంటే ఎక్కువ, విజయవాడ పోయే బండ్లు కోదాడలోనే నింపుకొని దాటుతాయి. మన దగ్గర పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, అయినా వాళ్ళకంటే నయమే అనుకోవాలి. ట్రాలీకి కూడా బ్యాటరీది చూడమంటాడేమో అనుకున్నా. "రోజుకు రెండొందల కిలోమీటర్లు తిరిగేవాడికి చెప్పకు బావా" అన్నాడు. సరైన మాట.

నన్ను అడిగితే, రోజూ ఒకే చుట్టు తిరిగేవాళ్ళకు, అరవై కిలోమీటర్ల లోపు, సొంత ఇల్లు, సొంత ప్లగ్గు ఉన్నవాళ్ళకు బాగుంటుంది. టీచర్లు, పాలు పోసేవాళ్ళు, నాలాంటి మెకానిక్‌లు. అద్దె ఇంట్లో రెండో అంతస్తులో ఉండేవాళ్ళు వద్దు. ఇంట్లో ఇదొక్కటే బండి అయ్యేవాళ్ళు కూడా ఇంకొంచెం ఆగండి. బ్యాటరీ అంటే ముందే కొని పెట్టుకున్న పెట్రోలు. వాడినా వాడకపోయినా తరిగిపోతుంటుంది.

నాది ఇప్పుడు ఒక్క చార్జికి తొంభై కిలోమీటర్ల నుంచి డెబ్బైకి వచ్చింది. వారంటీ జూన్‌తోనే అయిపోయింది. కొత్త బ్యాటరీ 62 వేలు చెప్పారు. ఆదా అయింది దాదాపు అంతే, చూసుకోండి. యాభైకి దిగేదాకా నడుపుతా, నా తిరుగుడు నలభై అయిదే కాబట్టి. ఆ తర్వాత ప్యాకు విప్పి ఏ సెల్లు పోయిందో నేనే చూద్దామని ఉంది. మా ఆవిడ ఒప్పుకుంది గానీ, ఇంట్లో మాత్రం విప్పొద్దంది. షాపులో అంటే పక్కన హార్డ్‌వేర్ అన్న ఒప్పుకోవడం లేదు.