స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్: ఇంట్లోనా, బయటా?

విద్యుత్ స్కూటర్ నుంచి బ్యాటరీని తీసి ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకోవడం, బండిని బయట నిలిపి అక్కడే పెట్టడం అనే రెండు పద్ధతుల్లో మొదటిది సౌకర్యంగా కనిపిస్తుంది. పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ లేనివారికి అది తప్పనిసరి కూడా. కానీ 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలోనూ, నిజామాబాద్‌లో ఇంటి హాల్లోనూ ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలు పేలి ఒక్కొక్కరు చొప్పున ప్రాణాలు కోల్పోయారు. బ్యాటరీ లోపల వరుసగా ఉండే లిథియం అయాన్ సెల్‌లలో ఒకటి అదుపు తప్పి వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్‌కు పాకి, మండే విషవాయువులు మూసిన గదిని నిమిషాల్లోనే నింపుతాయి. నిద్రలో ఉన్నవారికి మేలుకునే వ్యవధి కూడా దొరకకపోవచ్చు.

బయట పెడితే ప్రమాదం పూర్తిగా పోదు గాని, పొగ గాలిలో కలుస్తుంది, మనుషులకు తప్పుకునే దారి ఉంటుంది. అయితే మెట్ల కింద పెట్టడం బయట పెట్టినట్టు కాదు. అక్కడ మంట లేస్తే కిందికి దిగే దారే మూసుకుపోతుంది. అందుకే ఎండా వానా తగలని, మెట్లకు దూరంగా ఉన్న చోటుకే నా మొగ్గు. ఇంట్లో తప్పనిసరైతే, అందరూ మెలకువగా ఉన్న వేళ, గుమ్మానికి అడ్డం కాకుండా, పరుపులూ తెరలూ దగ్గర లేని గచ్చు మీద, కంపెనీ ఇచ్చిన ఛార్జర్‌తోనే పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని, కిందపడి దెబ్బతిన్నదాన్ని ఎక్కడా ఛార్జింగ్ పెట్టకూడదు.