మిస్టర్ కలర్ లెవలింగ్ థిన్నర్: మూడో సీసా సగమయ్యాక

400 మిల్లీలీటర్ల సీసాలు రెండు అయిపోయాయి, మూడోది సగానికొచ్చింది. ఇన్నాళ్లూ వాడుతూ దీని గురించి ఒక్క ముక్క రాయలేదే అనిపించి కూర్చున్నాను. ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే పరికరంతో, ప్లాస్టిక్ మోడళ్లకు రంగు వేస్తూ, "రంగు గరుగ్గా దిగుతోంది, బ్రష్ మార్చాలేమో" అనుకుంటున్నవాళ్లు ముందు ఇది చదవండి. నేనూ అలాగే అనుకుని బ్రష్ మార్చాను. గరుకు పోలేదు. థిన్నర్ మార్చాక పోయింది.

ఇది జీఎస్‌ఐ క్రియోస్ అనే జపాన్ కంపెనీ వాళ్ల ల్యాకర్ థిన్నర్, అంటే రంగును పలచన చేసే ఘాటు ద్రావకం. మామూలు మిస్టర్ కలర్ థిన్నర్‌కూ దీనికీ తేడా, ఇందులో రిటార్డర్ కలిసి ఉంటుంది. అంటే రంగు ఆరడాన్ని కొంచెం ఆలస్యం చేసే పదార్థం. 110 మిల్లీలీటర్ల చిన్న సీసాలోనూ, 400 పెద్ద సీసాలోనూ వస్తుంది. వాళ్ల మిస్టర్ కలర్ రంగుల కోసమే చేసినా, నా సీసాల్లో ముప్పాతిక వంతు ఖర్చయింది తమియా అనే ఇంకో కంపెనీ ఆక్రిలిక్ రంగుల మీద. ఎక్స్, ఎక్స్‌ఎఫ్ అని నంబర్లుండే ఆ చిన్న గాజు సీసాలే. పేరుకు ఆక్రిలిక్ అయినా వాటిలో ఆల్కహాల్ జాతి ద్రావకాలుంటాయి. అందుకే నీళ్లతోనూ కలుస్తాయి, ల్యాకర్ థిన్నర్‌తోనూ కలుస్తాయి. ఈ రెండో కలయికలోనే వాటి అసలు అందం బయటపడుతుందని నా నమ్మకం.

నాకు ఇది తెలిసొచ్చింది 1/48 స్కేల్ స్పిట్‌ఫైర్ మార్క్ 9 మీద, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం మోడల్. బ్రిటిష్ పగటి ఫైటర్లకు 1941 ఆగస్టులో వచ్చిన రంగులే దానికీ: పైన ముదురు ఆకుపచ్చ, ఓషన్ గ్రే, కింద మీడియం సీ గ్రే. తమియాలో ఇవి వరసగా ఎక్స్‌ఎఫ్-81, 82, 83. అప్పట్లో నేను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పలచన చేసేవాణ్ని. కింది బూడిదరంగు ఫర్వాలేదు. పైన ఓషన్ గ్రే వేశాక టేబుల్ లైటు పక్కకు వంచి చూస్తే గుండె జారిపోయింది. రెక్క వచ్చి బాడీలో కలిసే ఆ వంపు పొడుగునా సన్నటి ఇసుక చల్లినట్టుంది. వేలు పెట్టి రాస్తే ఉప్పుకాగితం. విమానం రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలు అక్కడికొచ్చేసరికి మసకబారిపోయాయి. రెండు వారాలు ముక్కలు అతికిన చోట్ల సీములు అరగదీసి, గీతలు మళ్లీ చెక్కుకున్న మోడల్ అది.

ఎందుకలా అయిందో అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. నాజిల్ నుంచి బయటపడ్డ రంగు చుక్క తడిగా వెళ్లి ఉపరితలం మీద వాలాలి, పక్క చుక్కతో కలిసి చదునుగా పరుచుకోవాలి, ఆ తర్వాతే ఆరాలి. ఆల్కహాల్ మరీ తొందరగా ఎగిరిపోతుంది. చుక్క దారిలోనే సగం ఆరి, వాలేసరికి పొడి రేణువైపోతుంది. రెక్క మొదట్లో ఇంకో తంటా ఉంది. రెక్కకూ బాడీకీ కొట్టుకున్న గాలి అక్కడే సుడి తిరుగుతుంది, ఆ పొడి రేణువులన్నీ తిరిగి తిరిగి ఆ మూలలోనే వాలతాయి. నేను బ్రష్‌ను దూరంగా పట్టుకుని, ప్రెషర్ పెంచి ఆ తంటాను ఇంకా ఎక్కువ చేశాను.

ఆ వంపును 2000 నంబరు ఉప్పుకాగితంతో తడిపి రుద్ది, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కప్పులో ముందు లెవలింగ్ థిన్నర్ 15 చుక్కలు, దాని మీద ఓషన్ గ్రే 10 చుక్కలు. థిన్నర్ ముందు పోయడం నేను ఎప్పుడూ తప్పని అలవాటు. చిక్కటి రంగు ముందు పోస్తే అది నేరుగా నాజిల్‌లోకి దిగి కూర్చుంటుంది, పైన ఎంత కలిపినా అడుగున అలాగే ఉంటుంది. 0.3 మిల్లీమీటర్ల సూది, 15 పీఎస్‌ఐ గాలి ప్రెషర్, మోడల్‌కు రెండు వేళ్ల దూరం. ఒక్క పోత పోసి చెయ్యి ఆపాను. రంగు తడిగా మెరుస్తూ నిలబడింది. మనసులో ఆరు, ఏడు లెక్కపెట్టుకునేదాకా ఆ మెరుపు ఉంది. తర్వాత అంచుల నుంచి లోపలికి నెమ్మదిగా ముడుచుకుంటూ మాట్ అయింది, అంటే మెరుపు పోయింది. ఆ కాసేపట్లో రంగు తనంతట తాను సర్దుకోవడం కళ్లారా చూశాను. ప్యానెల్ గీతలు సూదితో గీసినట్టు అలాగే ఉన్నాయి. ఆ రాత్రి ఇంకో రెండు సార్లు లేచి వెళ్లి లైటు వేసి చూసుకున్నాను.

ఎంత పలచన అన్నదే అందరూ అడిగే ప్రశ్న. పాలలా ఉండాలంటారు. ఆ మాటతో నాకెప్పుడూ పని జరగలేదు. కప్పు గోడ చూడమంటాను. కలిపాక పుల్లతో రంగును గోడ మీదికి కొంచెం లాగి వదలండి. చప్పున జారిపోయి, వెనక పలచటి రంగు పొర మిగలాలి. గోడను పట్టుకుని మెల్లగా పాకితే ఇంకా చిక్కగా ఉన్నట్టు. జాడ లేకుండా జారిపోయి గోడ శుభ్రంగా మిగిలితే మరీ పలచనైనట్టు. నాకు సాధారణంగా ఒక వంతు రంగుకు ఒకటిన్నర వంతు సరిపోతుంది. మచ్చలు, షేడింగ్ లాంటి సన్నపనికి రెండు, రెండున్నర దాకా వెళ్తాను, అప్పుడు ప్రెషర్ 10, 12కు దించుతాను. దించకపోతే రంగు సాలీడు కాళ్లలా నలువైపులా పాకుతుంది.

ఇంకో మాట. ఎక్స్‌ఎఫ్ రంగుల్లో మాట్ చేసే పొడి సీసా అడుగుకు దిగిపోయి ఉంటుంది. అడుగు గీరి గీరి కలపకుండా పైన తేలింది తీసుకుంటే ఏ థిన్నరూ కాపాడదు. ముందు సీసాను ఓపిగ్గా కలపండి.

తమియా సొంత థిన్నర్ ఎక్స్-20ఏ చెడ్డదని నేను అనను. వాసన తక్కువ, పని తేలిక, కొత్తగా మొదలుపెట్టేవాళ్లను అదే వాడమంటాను. కానీ రెండూ పక్కపక్కన వేసి చూసుకుంటే, లెవలింగ్ థిన్నర్‌తో దిగిన పొర సన్నగా, గట్టిగా ఉంటుంది. గట్టిగా అంటున్నది మాస్కింగ్ సంగతి, అంటే వేసిన రంగును టేపుతో కప్పి పక్కన ఇంకో రంగు వేయడం. స్పిట్‌ఫైర్ తోక ముందర స్కై రంగు పట్టీ ఒకటుంటుంది, ఎక్స్‌ఎఫ్-21. అంతకుముందు మోడల్‌లో అక్కడ టేపు లాగితే కింది రంగు గోరంత ముక్కలుగా ఊడి టేపుతో వచ్చేసింది. ఈ థిన్నర్ కింది పొరను కొంచెం కరిగించి పట్టుకుంటుంది కాబట్టి, ఆ తర్వాత నాకు టేపుతో పాటు రంగు లేచింది లేదు. అయినా ఒక రాత్రి ఆరనిచ్చాకే టేపు వేస్తాను. ఆరడం ఆలస్యమన్న సంగతి మరిచి అదే సాయంత్రం టేపు నొక్కితే దాని అచ్చు పడుతుంది.

మెరిసే రంగులకైతే దీన్ని మించినది నేను చూడలేదు. రంగులేని మెరుపు పూత ఎక్స్-22 క్లియర్‌లో ఒకటికి రెండు వంతుల థిన్నర్ కలిపి, మంచులా పలచగా చిమ్మిన రెండు పొరలు (మంచు పొరలు అంటాను), మీద ఒక తడి పొర వేస్తే, గుర్తులూ అంకెలూ ఉండే అంటింపు బొమ్మలకు, అంటే డెకాల్‌కు, అద్దంలాంటి పీట దొరుకుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో కూడా మేలే. తొందరగా ఆరే థిన్నర్‌తో ఉపరితలం చల్లబడి, తేమ పట్టి తెల్లటి మసక వస్తుంది. రిటార్డర్ ఉన్నందువల్ల ఆ బెడద బాగా తగ్గుతుంది.

ఇక పొరపాట్లు. తమియాలా ఆల్కహాల్ ద్రావకాలు లేని, పూర్తిగా నీటి ఆధారిత రంగుల్లో దీన్ని ఎప్పుడూ కలపకండి. సీసా మీద ఆక్రిలిక్ అని ఉంటే చాలనుకుని ఒకసారి అలాంటి దాంట్లో పోశాను. చూస్తుండగానే పాలు విరిగినట్టు విరిగి, సాగే ముద్దయి నాజిల్‌లో బిగుసుకుంది. సూది బయటికి రాలేదు. నాజిల్ ఊడదీసి, థిన్నర్‌లో నానబెట్టి, సన్నటి బ్రష్‌తో ఒక పూటంతా తోమాల్సొచ్చింది. అదే ఆక్రిలిక్ అన్న పేరు పెట్టుకున్నా రెండు వేరే వేరే రసాయనాలు. కొత్త రంగైతే ముందు గాజుపలక మీద రెండేసి చుక్కలు కలిపి చూడండి, అర నిమిషంలో తేలిపోతుంది.

రంగు కలపడానికి పారేసే పల్చటి ప్లాస్టిక్ గ్లాసు తీసుకున్నారనుకోండి, అది పాలిస్టైరీన్ అయితే అడుగు మెత్తబడి కారిపోతుంది. మన కిట్లూ పాలిస్టైరీనే, కాబట్టి ఈ మాట గుర్తుండాలి. సన్నగా చిమ్మితే ప్లాస్టిక్‌కు ఏమీ కాదు, వాలిన కాసేపటికే ఎగిరిపోతుంది. తడిసి మడుగు కట్టేలా పోస్తే మాత్రం వివరాలు మెత్తబడతాయి. పైలట్ కూర్చునే చోట పారదర్శకంగా ఉండే కప్పు, కానపీ, దగ్గర ఇంకా జాగ్రత్త, అక్కడ మంచు పొరలే. గాజు, స్టీలు గిన్నెలు వాడండి. బ్రష్‌లో మామూలు రబ్బరు రింగులుంటే కొన్నాళ్లకు ఉబ్బుతాయి, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) రింగులైతే దిగులు లేదు.

వాసన సంగతి దాచను. మిగతా ల్యాకర్ థిన్నర్ల కంటే కొంచెం మెత్తగా అనిపిస్తుంది, అదే ప్రమాదం. మెత్తటి వాసన అంటే తక్కువ విషం అని కాదు. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, గాలిని బయటికి లాగే బూత్ కావాలి, చుట్టుపక్కల మంట ఉండకూడదు. మొదట్లో కిటికీ తెరిస్తే చాలనుకున్నాను, తలనొప్పి వచ్చేది. మా అమ్మాయి పక్క గదిలోంచి "నాన్నా, వాసన ఇక్కడికొస్తోంది" అన్న రోజునే రెస్పిరేటర్ కొన్నాను, బూత్ పెట్టాకే మళ్లీ బ్రష్ పట్టుకున్నాను. ఆ రెండింటికీ వీలు లేనివాళ్లకు ఈ థిన్నర్ నేను చెప్పను, ఎంత ఇష్టమైనా సరే.

కొనేవాళ్లు ముందు 110 సీసా కొనండి. మీ దగ్గరున్న రంగులతో, మీ బ్రష్‌తో రెండు మోడళ్లు చేశాక పెద్దది కొనొచ్చు. బ్రష్ కడగడానికి మాత్రం దీన్ని పారబోయకండి. నేను దానికి మామూలు ల్యాకర్ థిన్నర్ వేరే సీసాలో పెట్టుకుంటాను, మూత మీద పెద్దగా "కడుగుడు" అని రాసి. మిగిలిన రంగు కలిపిన మిశ్రమాన్ని ఖాళీ గాజు సీసాలో పోసి, రంగు నంబరూ పాళ్లూ రాసి మూత బిగిస్తే నెలల తర్వాత కూడా కలిపి వాడుకుంటున్నాను. స్పిట్‌ఫైర్ నాటి ఓషన్ గ్రే సీసా అలాగే ఉంది. మొన్న ఇంకో దాని రెక్కకు ఒక గీత పడితే దాంతోనే దిద్దాను, ఎక్కడ దిద్దానో ఇప్పుడు నాకే కనబడదు.