తల పొరల పుట్టుక: కౌజు పిట్ట ప్రయోగమా, ఎలుక ప్రయోగమా – ఏది మేలు?

నెత్తి చర్మం కింద పొర మీద పొర ఉంటుంది: కొవ్వు పొర, పట్టీలా బిగువైన పొర, ఎముకను అంటుకున్న పలచటి పొర, ఎముక, దాని లోపల మెదడును కప్పే డ్యూరా. ఇవన్నీ కడుపులోనే ఏర్పడతాయి. ఏ పొర ఎవరి సంతానం అన్నదే తగువు. మెదడుగా మారే గొట్టం అంచుల నుంచి వలస వచ్చే న్యూరల్ క్రెస్ట్ కణాలదా, పిండం మధ్య పొర మీసోడెర్మ్‌దా? మనిషి పిండంలో కణాలకు గుర్తు పెట్టి వెంబడించలేం కాబట్టి జంతువులే దిక్కు.

మొదటి దారి ఫ్రెంచ్ పిండశాస్త్రవేత్త నికోల్ లె దువారిన్‌ది. కౌజు పిట్ట కణాల కేంద్రకంలో క్రోమాటిన్ (డీఎన్‌ఏ, ప్రోటీన్లు కలిసిన పదార్థం) ఒకచోట ముద్దకట్టి ఉంటుంది, రంగు వేస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కోడి కణాల్లో అలా ఉండదు. 1969లో ఆమె ఈ తేడానే గుర్తుగా వాడుకున్నారు. గుడ్డు పెంకుకు చిన్న కిటికీ కోసి, కోడి పిండంలోంచి న్యూరల్ క్రెస్ట్ ముక్క తీసి, అదే చోట కౌజు పిట్టది అతికిస్తారు. తర్వాత కోతలు కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఎవరి కణం ఎక్కడికి చేరిందో తెలిసిపోతుంది. ముఖం కండరాల తంతువులు మీసోడెర్మ్‌వి, వాటిని చుట్టిన సంయోజక కణజాలం మాత్రం న్యూరల్ క్రెస్ట్‌ది అని తేలింది ఇలాగే. నాకైతే ఈ పద్ధతి మొత్తానికీ ఇదే అసలు ఘనత.

పుర్రె పైకప్పు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. నుదుటి ఎముక ముందు భాగమే న్యూరల్ క్రెస్ట్‌ది అని 1978లో డ్రూ నోడెన్ అనే పరిశోధకుడు అంటే, పైకప్పంతా దానిదేనని 1993లో జెరార్ కూలీ, లె దువారిన్ బృందం అంది. ఒకే రకం ప్రయోగం, రెండు జవాబులు! అతికించిన ముక్క అంచు కాస్త జరిగినా ఫలితం మారిపోతుంది మరి.

రెండో దారిలో కత్తితో పనే లేదు. ఎలుకలో వింట్1-క్రీ (కణాలకు గుర్తు పెట్టడానికి శాస్త్రవేత్తలు చొప్పించిన జన్యువు) పనిచేసిన న్యూరల్ క్రెస్ట్ కణాలకు, వాటి సంతానానికి శాశ్వతంగా ముద్ర పడుతుంది, తర్వాత అవి నీలంగా కనిపిస్తాయి. 2002లో వచ్చిన ఫలితం స్పష్టం: నుదుటి ఎముక న్యూరల్ క్రెస్ట్‌ది, దాని వెనకుండే పెరైటల్ ఎముక మీసోడెర్మ్‌ది. ఆ పెరైటల్ ఎముకకు లోపల ఆనుకుని ఉన్న డ్యూరా మాత్రం మళ్లీ న్యూరల్ క్రెస్ట్‌ది! రెండు ఎముకల మధ్య కరోనల్ అతుకు సరిగ్గా ఆ సరిహద్దు మీదే పడింది. ట్విస్ట్1 జన్యువు దెబ్బతిన్న పిల్లల్లో ఆ అతుకు ముందే మూసుకుపోవడం ఎందుకో ఆలోచించడానికి ఇది మంచి ఆధారం.

అయితే వింట్1-క్రీ కూడా నిర్దోషి కాదు. అది మధ్య మెదడులో ఎలుక సొంత వింట్1 జన్యువును అవసరానికి మించి పనిచేయిస్తుందని తేలాక, 2013లో ఆ లోపం లేని వింట్1-క్రీ2 తయారుచేశారు.

నా ఓటు రెండుగా చీలుతుంది. ఎముకలు, అతుకులు, డ్యూరా విషయంలో ఎలుకే మేలు. అది క్షీరదం, పైగా పక్షి నుదుటి ఎముక మన నుదుటి ఎముకకు అచ్చంగా సమానమో కాదో అన్నదే వివాదం. కండరాల తొడుగుల సంగతి అర్థం కావాలంటే కౌజు పిట్ట ప్రయోగమే ముందు చదవాలి. పరీక్షలో పుర్రె పైకప్పు గురించి అడిగితే ఎలుక ఫలితం రాసి, 1993 నాటి మాట పక్షిలో వచ్చిందని ఒక్క వాక్యం చేర్చండి.