మడత ఫోన్ లోపలి తెర: రెండేళ్లు వాడిన తరువాత

పుస్తకంలా తెరుచుకునే మడత ఫోన్‌ను నేను రెండేళ్లకు పైగా రోజూ వాడుతున్నాను. కెమెరా, ప్రాసెసర్, బ్యాటరీ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్లను. నేను రాయదలచుకున్నది లోపలి తెర గురించి, మరీ ముఖ్యంగా ఆ తెర మీద కంపెనీవారే అతికించి ఇచ్చే పల్చని ప్లాస్టిక్ పొర గురించి. ఈ ఫోన్ మీద నాకున్న ఇష్టమంతా ఆ తెర వల్ల కలిగింది, కోపమంతా ఆ పొర వల్ల కలిగింది.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. పరిశోధన కోసం నేను చదివేవి ఎక్కువగా పాత పత్రికలు, పాత ముద్రణలు. ఇంటర్నెట్‌లో అవి స్కాన్ చేసిన పేజీల బొమ్మలుగానే దొరుకుతాయి కాబట్టి, అక్షరాన్ని పెద్దది చేస్తే పంక్తి తెరకు తగ్గట్టు సర్దుకోవడమన్నది వాటిలో ఉండదు. మామూలు ఫోన్ తెర వెడల్పు మూడు అంగుళాలు కూడా ఉండదు. సుమారు ఐదు అంగుళాల వెడల్పుండే క్రౌన్ సైజు పుస్తకపు పేజీ అందులో ఇంచుమించు సగానికి కుదించుకుపోయి, ఒత్తులూ గుణింతపు గుర్తులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పెద్దది చేసుకుంటే ప్రతి పంక్తికీ పేజీని కుడికీ ఎడమకీ జరుపుతూ చదవవలసి వస్తుంది. ఏడున్నర అంగుళాల మడత తెరను విప్పితే వెడల్పు ఐదు అంగుళాలకు దగ్గరగా వస్తుంది, అడ్డంగా తిప్పి పట్టుకుంటే అక్షరం అచ్చుపుస్తకంలో కంటే పెద్దగా కనిపిస్తుంది. తెరను రెండుగా పంచి ఒకవైపు పేజీని, రెండోవైపు ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనను పెట్టుకుంటే కళాశాలకు వెళ్లే బస్సులోనే నా పని సాగిపోతుంది. నేను ఊహించని సౌకర్యం ఇంకొకటి ఉంది. చాలా పాత స్కాన్లలో ఎదురెదురు పేజీలను కలిపి ఒకే బొమ్మగా తీశారు. అలాంటి ఫైలు తెరిచినప్పుడు తెర మడత సరిగ్గా పుస్తకం కుట్టు ఉన్నచోటనే పడుతుంది. అందరూ లోపంగా చెప్పే ఆ గీత నాకు ఆ పేజీల్లో అడ్డుగా అనిపించనే లేదు.

వారంటీ ముగిసిన కొన్ని నెలలకు తెర పై అంచు దగ్గర, మడత మీద, సన్నని తెల్లని చార కనిపించింది. మరక అనుకుని తుడిస్తే పోలేదు. పై పొర తెర నుంచి విడివడి, ఆ సందులో గాలి చేరిందని తరువాత తెలిసింది. కొద్ది వారాల్లో ఆ చార తెర నడుమకు దిగింది. దీపం వెలుతురు దాని మీద పడి, అడ్డంగా పట్టుకుని చదివేటప్పుడు పేజీ మధ్యనున్న పంక్తి మొత్తం మెరుపులో మునిగిపోయేది. సందులోకి దుమ్ము చేరి జిగురుకు అంటుకోవడంతో తెల్లని చార నల్లబడింది, అక్కడ వేలితో రెండుమూడుసార్లు నొక్కితేగానీ తెర పలికేది కాదు.

ఈ పొర మామూలు స్క్రీన్ గార్డ్ కాదు. మడత తెర అడుగున ప్లాస్టిక్ మీద అమర్చిన, వెలుగు చుక్కలతో బొమ్మను చూపే ఓఎల్‌ఈడీ ఉంటుంది. దానిపైన, 2020 నాటి శాంసంగ్ మడత ఫోన్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్ నుంచి వాడుకలోకి వచ్చిన, సుమారు 30 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందం ఉన్న గాజు ఉంటుంది. అంత పల్చని గాజు వంగుతుంది కానీ దెబ్బకు ఆగదు కనుక దానిని కాపాడటానికే పైన ఈ పొర వేస్తారు. ఫోన్ మూసిన ప్రతిసారీ ఈ పొరలు మడత దగ్గర ఒకదాని మీద ఒకటి కొద్దిగా జరుగుతాయి, ఆ ఒత్తిడినంతా భరించేది వాటి మధ్యనున్న జిగురు. 2019 ఏప్రిల్‌లో శాంసంగ్ మొదటి మడత ఫోనైన గెలాక్సీ ఫోల్డ్‌ను సమీక్షించినవారిలో కొందరు ఈ పొరను ప్యాకింగ్ కాగితమనుకుని ఊడదీయగా తెరలు పాడయ్యాయి. కంపెనీ విడుదలను వాయిదా వేసి, పొర అంచులను చట్రం కిందికి పొడిగించి, సెప్టెంబరులో అమ్మకానికి తెచ్చింది. అప్పటినుంచి పొరను ఎవరూ పీకకుండా జాగ్రత్త పడ్డారు. అది తనంతట తాను లేచినప్పుడు కొన్నవాడు ఏం చేయాలన్నది మాత్రం నా ఫోన్‌తో వచ్చిన కాగితాల్లో ఎక్కడా లేదు.

మా ఊళ్లోని సర్వీస్ సెంటర్‌లో పొర అతికించే యంత్రం లేదు. వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి విశాఖపట్నం వెళ్లాను. అక్కడి కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. "పాత పొర తీసేటప్పుడు కింద గాజు చిట్లితే మా బాధ్యత ఉండదు సార్, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. చిట్లితే ఎంతవుతుందని అడిగాను. తెరను విడిగా మార్చరట, చట్రంతో కలిపి మార్చాలట. అతను చెప్పిన మొత్తంతో ఒక మంచి మామూలు ఫోన్ కొత్తది వస్తుంది. పొర ఖరీదు వందల్లో, దానిని మార్చడంలో ఉన్న ప్రమాదం పదివేలల్లో. సంతకం పెట్టి, ఫోన్ లోపలికి పంపి, సాయంత్రం దాకా కూర్చున్నాను. అదృష్టవశాత్తు గాజుకు ఏమీ కాలేదు, తెర మళ్లీ కొత్తదానిలా వచ్చింది. ఏడాది తిరగకముందే అదే అంచు దగ్గర మళ్లీ చార మొదలైంది.

నా ఫిర్యాదు పొర చెడిపోయినందుకు కాదు. బండికి బ్రేకు లైనర్ల మాదిరిగా ఇది అరిగిపోయే భాగం, అరగడం దాని స్వభావం. ఆ మాట అమ్మేటప్పుడు చెప్పకపోవడం అన్యాయం. 2,00,000 సార్లు మడిచినా తట్టుకుంటుందని మొదటి ఫోల్డ్ నాటినుంచి ప్రచారం చేశారు. రోజుకు వందసార్లు మూసి తెరిచినా ఐదేళ్లు దాటుతుంది. నా ఫోన్ కీలు ఇప్పటికీ బిగువుగానే ఉంది, ఓఎల్‌ఈడీలో ఒక్క చుక్క కూడా చావలేదు కాబట్టి ఆ అంకెను నేను కాదనను. అయితే ఆ అంకె చెప్పేది కీలు గురించి, తెర గురించి. పొర ఆయుష్షుకు అలాంటి అంకె నాకెవరూ ఇవ్వలేదు.

బస్సులో చదువుకుంటానని పైన రాశాను. పొర మార్పించాక దుమ్ముకు భయపడి బస్సులో తెర విప్పడం చాలావరకు మానేశాను. 260 గ్రాముల బరువు కూడా గంటసేపు పట్టుకుంటే మణికట్టుకు తెలుస్తుంది. కొత్తగా వచ్చినవి ఈ విషయాల్లో మెరుగుపడ్డాయి. 2025 నాటి గెలాక్సీ జెడ్ ఫోల్డ్ 7 బరువు 215 గ్రాములే, అదే ఏడాది వచ్చిన గూగుల్ పిక్సెల్ 10 ప్రో ఫోల్డ్‌కు దుమ్ము చొరబడదని చెప్పే ఐపీ68 గుర్తింపు ఉంది. కానీ ఫోల్డ్ 7 తెర మీద డిజిటల్ పెన్ను పనిచేయదు, పేజీ అంచున గుర్తులు రాసుకునే నాకు అది చిన్న లోటు కాదు.

స్కాన్ పేజీలు చదివే అవసరం లేనివారికి ఈ ఫోన్‌ను నేను సిఫారసు చేయలేను. నాకు ఆ అవసరం ఉంది, మా అమ్మాయి విశాఖపట్నంలో చదువుతున్నందున అక్కడికి వెళ్లే పనీ ఉంది, పండుగ తగ్గింపులో పాత ఫోన్ మార్చి కొన్నందువల్ల పెట్టిన డబ్బూ కొంత తక్కువే. పొరను జిల్లా కేంద్రంలోనే, గాజు బాధ్యతతో సహా, నిర్ణీత ధరకు నాలుగేళ్లపాటు మార్చి ఇస్తామని ఏ కంపెనీ అయినా రాతపూర్వకంగా చెబితే మళ్లీ మడత ఫోనే కొంటాను. ప్రస్తుతానికి రెండో చార గోరంత పొడవుంది. అది చదువుకు అడ్డు వచ్చేదాకా ఇంట్లో బల్ల మీదనే వాడుకుని, వేసవి సెలవుల్లో మరోసారి పొర మార్పిస్తాను.